రాళ్ల నగ చేయించుకునే పద్ధతి: రాయి ఎంపిక నుంచి తూకం, బిల్లు దాకా

కెంపులు, పచ్చలు, ముత్యాలతో తమకు నచ్చినట్టు హారమో, దిద్దులో, ఉంగరమో చేయించుకోవాలనుకునే పాఠకులు తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: పని ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది బంగారంతో మొదలుపెడతారు. ఎన్ని తులాలు, ఎన్ని కాసులు అన్నది ముందు తేల్చుకుని, ఆ తర్వాత అందులో పట్టే రాళ్ల కోసం వెతుకుతారు. రాళ్ల నగకు ఈ వరుస పనికిరాదు. ఏ రాయి అన్నదాన్ని బట్టి దాన్ని ఎలా పొదగాలో తేలుతుంది. పొదిగే పద్ధతిని బట్టి ఎన్ని క్యారెట్ల బంగారం వాడాలో తేలుతుంది. ఆ రెండూ తేలితే తప్ప తూకం లెక్క కుదరదు. ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది.

1. ఆర్డరు ఇచ్చే ముందు తేల్చుకోవలసినవి

నగ రోజూ వేసుకునేదా, పెళ్లిళ్లకూ పండుగలకూ మాత్రమే తీసేదా అన్నది అన్నిటికంటే ముందు నిర్ణయించుకోవాలి. రోజూ పెట్టుకునే ఉంగరం తలుపులకు, గిన్నెలకు, బండి హ్యాండిల్‌కు తగులుతూనే ఉంటుంది. ఏడాదికి నాలుగుసార్లు వేసుకునే హారానికి ఆ బెడద లేదు. మెత్తని రాయి హారంలో బాగానే మన్నుతుంది, ఉంగరంలో మాత్రం త్వరగా పాడవుతుంది.

కొలతలు ఇంట్లోనే తీసుకోవచ్చు.

- హారం పొడవును, చీర కట్టుకుని అద్దం ముందు నిలబడి, మెడలో దారం వేసుకుని కొలవండి. పతకం వేలాడే పొడవును వేరుగా రాసుకోండి.
- ఉంగరం కొలతను సాయంత్రం తీసుకోండి. ఉదయం వేళ్లు కాస్త సన్నగా ఉంటాయి. వెడల్పాటి ఉంగరానికి కొలత కొంచెం వదులుగా ఉండాలి.
- బుట్టల బరువును చెవి మోయగలదా లేదా అన్నది పాత జతతో పోల్చి చూసుకోండి. బరువు ఎక్కువైతే మాటీలకు కొక్కెం ఉండేలా ముందే చెప్పండి. పని పూర్తయ్యాక చెబితే మళ్లీ మంట పెట్టి అతకవలసి వస్తుంది.

2. రాయిని ఎంచుకోవడం

గట్టిదనం, వేడికి తట్టుకునే గుణం, శుద్ధి చరిత్ర (రాయి అందం పెంచడానికి వేడి, నూనె, గాజు వంటి వాటితో చేసిన మార్పులు) అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తర్వాతే రంగు సంగతి చూడాలి. రంగు చూసి ముచ్చటపడిన తర్వాత మిగతా ప్రశ్నలు అడగాలనిపించదు. అందుకే ఈ క్రమం చెబుతున్నాను.

గట్టిదనాన్ని మోహ్స్ కొలమానంలో 1 నుంచి 10 వరకు లెక్కిస్తారు. వజ్రం 10. కెంపు, నీలం, కనక పుష్యరాగం ఒకే ఖనిజ కుటుంబానికి చెందినవి, మూడూ 9. పచ్చ 7.5 నుంచి 8 మధ్య ఉంటుంది, గోమేధికం 7 దగ్గర ఉంటుంది. పగడం 3 నుంచి 4 మధ్య, ముత్యం అంతకంటే కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. గాలిలోని దుమ్ములో 7 గట్టిదనం గల స్ఫటికపు రేణువులు ఉంటాయి కనుక, 7 కంటే తక్కువ ఉన్న రాయి దుమ్ముతో రాసుకున్నా క్రమంగా మెరుపు తగ్గుతుంది. ముత్యాన్నీ పగడాన్నీ రోజువారీ ఉంగరంలో పెట్టించుకోవద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. జాతకం ప్రకారం పెట్టుకోవలసినవారు ఎత్తైన గోడ ఉన్న పొదుగులో పెట్టించుకుని, చేతిపనులప్పుడు తీసి ఉంచాలి.

గట్టిదనం వేరు, పగలకుండా నిలబడటం వేరు. పచ్చ గట్టిదే, కానీ దాదాపు ప్రతి సహజమైన పచ్చలోనూ పుట్టుకతోనే సన్నని చీలికలు ఉంటాయి. ఆ చీలికలు కనిపించకుండా నూనెతోనో రెసిన్‌తోనో నింపడం ప్రపంచమంతటా ఉన్న ఆనవాయితీ. అందులో మోసం లేదు, దాచిపెడితేనే మోసం. వేడి తగిలినా, అల్ట్రాసోనిక్ యంత్రంలో కడిగినా ఆ నూనె పోయి చీలికలు తెల్లగా పైకి తేలతాయి. మా ఇంట్లో ఒక పచ్చల నెక్లెస్ కొక్కెం విరిగితే బాగు చేయడానికి ఇచ్చాము. రాళ్లు తీయకుండానే మంట పెట్టడంతో రెండు పచ్చలలో తెల్లని గీతలు వచ్చాయి. ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఆ నష్టం జరిగేది కాదు.

కెంపు విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. మన బజారులో కెంపు అన్న మాటను చాలా వాటికి వాడతారు. టెంపుల్ నగలలో వాడే ఎర్రరాళ్లలో అధికభాగం ప్రయోగశాలలో తయారైన రాళ్లో, గాజో అయి ఉంటాయి. నగ పనితనాన్ని చూసి కొనేటప్పుడు అది తప్పేమీ కాదు, కానీ వాటికి సహజమైన కెంపు ధర కట్టకూడదు. సహజమైన కెంపులలోనూ మూడు రకాలు ఉన్నాయి.

- ఎలాంటి శుద్ధీ జరగనివి. ఇవి అరుదు, ధర చాలా ఎక్కువ.
- రంగు మెరుగుపడటానికి వేడి చేసినవి. మార్కెట్లో ఎక్కువగా దొరికేవి ఇవే. ఈ మార్పు శాశ్వతం.
- చీలికలలో సీసపు గాజు నింపినవి. ఇవి చాలా చౌక. మంటకు గాజు కరుగుతుంది, నిమ్మరసం వంటి పులుపు పదార్థాలకు కూడా గాజు తినేసుకుపోతుంది.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో మీరే కొంత గమనించవచ్చు. లోపల గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే గాజు ఉన్నట్టు అనుమానించాలి. వంపు తిరిగిన గీతలు కనిపిస్తే ప్రయోగశాలలో కరిగించి తయారు చేసిన రాయి అయ్యే అవకాశం ఎక్కువ. అయితే ఇవి అనుమానించడానికి మాత్రమే ఉపయోగపడతాయి. ధర పెద్దదైతే జీఐఏ, ఐజీఐ వంటి ప్రయోగశాలల ధ్రువపత్రం అడగండి. అందులో రాయి పేరుతో పాటు, దానికి జరిగిన శుద్ధి గురించిన పంక్తిని తప్పక చదవండి.

వజ్రం అయితే సహజమైనదా, ల్యాబ్‌లో పెంచినదా అన్నది బిల్లులో రాయించుకోవాలి. ఈ రెండూ నిజమైన వజ్రాలే, కంటితో తేడా తెలియదు, ధరలో మాత్రం చాలా వ్యత్యాసం ఉంది. అమెరికన్ డైమండ్ అని అమ్మేది క్యూబిక్ జిర్కోనియా అనే వేరే పదార్థం.

జతరాళ్లు కొనేటప్పుడు క్యారెట్లతో కాక మిల్లీమీటర్లతో కొలవండి. కెంపు సాంద్రత దాదాపు 4, పచ్చ సాంద్రత దాదాపు 2.7. కనుక ఒక క్యారెట్ పచ్చ ఒక క్యారెట్ కెంపు కంటే కంటికి పెద్దదిగా కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పొదిగే నగకు ఒకే తూకం రాళ్లు తెస్తే వరుస కుదరదు. రంగును దుకాణంలోని పసుపు దీపం కింద కాకుండా, తలుపు దగ్గరకు తెచ్చి పగటి వెలుగులో చూడండి.

3. లోహాన్ని ఎంచుకోవడం

ఇక్కడ ఒక గందరగోళం తొలగించుకోవాలి. బంగారం విషయంలో క్యారెట్ అంటే స్వచ్ఛత. రాయి విషయంలో క్యారెట్ అంటే తూకం. ఒక క్యారెట్ తూకం 0.2 గ్రాములు.

బంగారంలో 22 క్యారెట్లు అంటే వెయ్యి పాళ్లలో 916 పాళ్లు మేలిమి, 18 క్యారెట్లు అంటే 750, 14 క్యారెట్లు అంటే 585. మిగతా భాగం రాగి, వెండి వంటి లోహాలు. మేలిమి తగ్గేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది.

కెంపులు, పచ్చలు నాలుగు వైపులా గోడ ఉండేలా పొదిగే సంప్రదాయ నగలకు 22 క్యారెట్లు సరిపోతుంది. బంగారం మెత్తగా ఉండటం ఇక్కడ మంచిదే, అంచును రాయిమీదికి ఒత్తేటప్పుడు రాయి మీద బలం పడదు. చిన్న కాళ్లు పట్టి ఉంచే వజ్రాల నగకు 18 క్యారెట్లు మేలు. 22 క్యారెట్ల కాళ్లు కొన్నాళ్లకు వంగి రాయి జారిపోయే ప్రమాదం ఉంది. తక్కువ క్యారెట్లు అంటే తక్కువ రకం అన్న అభిప్రాయం మనలో బలంగా ఉంది కాని, వజ్రం పోగొట్టుకున్న వారికి ఆ అభిప్రాయం వల్ల ఏ లాభమూ ఉండదు.

తెల్ల బంగారం మీద సాధారణంగా రోడియం అనే తెల్లని లోహపు పూత ఉంటుంది. కొన్నేళ్లకు అది అరిగి లేత పసుపు ఛాయ కనిపిస్తే మళ్లీ పూత వేయించాలి. నికెల్ పడనివారు మిశ్రమంలో నికెల్ లేదని ముందే రూఢి చేసుకోవాలి. వెండి కావాలంటే 925 స్వచ్ఛత అడగండి. గంధకం తగిలి వెండి నల్లబడటం సహజం, అది కల్తీకి గుర్తు కాదు. ప్లాటినం బంగారం కంటే సాంద్రమైనది కనుక అదే కొలత ఉంగరం ఎక్కువ తూగుతుంది.

4. పొదిగే పద్ధతిని తేల్చుకోవడం

క్లోజ్డ్ సెట్టింగ్‌లో రాయి వెనక భాగం మూసి ఉంటుంది. చాలా సందర్భాలలో రాయి కింద మెరుపు కోసం రేకు వేస్తారు. ఈ పద్ధతిలో రాయికి రక్షణ ఎక్కువ, కానీ నీరు లోపలికి చేరితే రేకు నల్లబడి రాయి మసకబారుతుంది. పైగా రాయి వెనక భాగాన్ని తర్వాత పరీక్షించడం కుదరదు కనుక పొదగకముందే చూసుకోవాలి.

ఓపెన్ సెట్టింగ్‌లో వెలుతురు రాయి గుండా సాగుతుంది, శుభ్రం చేయడం సులువు. జాతకరత్నం చర్మానికి తగలాలని కోరుకునేవారు కింది భాగం తెరిచి ఉంచమని చెప్పాలి.

కుందనపు పనిలో మేలిమి బంగారు రేకును రాయి చుట్టూ ఒత్తి నిలుపుతారు, లోపల లక్క ఉంటుంది. మంట అక్కర్లేని పొదుగు ఇది. అందుకే మెత్తని రాళ్లకూ సరిపోతుంది.

5. తూకం లెక్క

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మూడు తూకాలు వేరువేరుగా రాయించుకోండి: నగ మొత్తం తూకం, రాళ్లూ ముత్యాలూ లక్కా కలిసిన తూకం, మిగిలిన నికర బంగారం తూకం.

ఉదాహరణకు, హారం మొత్తం 58.400 గ్రాములు తూగింది. అందులో రాళ్లు 42 క్యారెట్లు, అంటే 8.400 గ్రాములు. ముత్యాలు 3.000 గ్రాములు. నికర బంగారం 47.000 గ్రాములు. 22 క్యారెట్లు కనుక అందులో మేలిమి 43.052 గ్రాములు. మొత్తం తూకానికి బంగారం ధర కడితే, 11.400 గ్రాముల రాళ్లకూ ముత్యాలకూ బంగారం ధర చెల్లించినట్టు అవుతుంది. ఆపైన రాళ్లకు విడిగా కట్టిన ధర ఎలాగూ ఉంటుంది.

రాళ్ల తూకాన్ని పొదిగిన తర్వాత కచ్చితంగా తేల్చడం కుదరదు. పొదగకముందు రాళ్లను, ఖాళీ చట్రాన్ని విడివిడిగా తూచి రాయించుకోవడం ఒక్కటే సరైన పద్ధతి. నక్షీ పనిలో (బంగారం మీద ఉబ్బెత్తు బొమ్మలు తీర్చే పని) బోలుగా ఉన్న భాగాలలో నింపే లక్క తూకం కూడా తీసివేయించాలి.

బంగారం మీరే ఇస్తే లెక్క వేరు. మీరు 999 స్వచ్ఛత గల 30 గ్రాముల బిస్కెట్ ఇచ్చి 22 క్యారెట్ల నగ చేయమన్నారనుకోండి. మిశ్రమ లోహాలు కలవడం వల్ల అది 32.718 గ్రాముల 22 క్యారెట్ల బంగారం అవుతుంది. తయారైన నగ నికర తూకం మీద 5 శాతం తరుగుకు ఒప్పుకుంటే మీ చేతికి 31.160 గ్రాముల నగ రావాలి. 30 గ్రాములు ఇచ్చాను, 30 గ్రాములు వచ్చాయి అని తృప్తిపడేవారు గ్రాముకు పైగా పోగొట్టుకుంటున్నారు.

పాత నగలు ఇచ్చేటప్పుడు రాళ్లను మీ ఎదుటే తీయించి, తూచి, ఫొటో తీసి, మీరే ఇంటికి తెచ్చుకోండి. పాత అతుకుల వల్ల కరిగించిన ముద్ద స్వచ్ఛత నగ మీద చెప్పినదాని కంటే తక్కువ రావచ్చు. స్వచ్ఛత చూసే ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రం ఉపరితలాన్నే చదువుతుంది కనుక కరిగించాకే పరీక్ష చేయించాలి.

6. ఒప్పందంలో రాయించుకోవలసినవి

నోటిమాట మీద ఎంత నమ్మకం ఉన్నా కాగితం ఉండాలి. అది స్వర్ణకారుడికీ రక్షణే.

- నగ రేఖాచిత్రం, మిల్లీమీటర్లలో కొలతలు
- బంగారం స్వచ్ఛత, ఎంత తూకం అటూ ఇటూ అయినా ఒప్పుకుంటారన్నది
- ప్రతి రకం రాయి పేరు, సంఖ్య, కొలత, తూకం, శుద్ధి వివరం
- పొదిగే పద్ధతి, వెనక మూసి ఉండాలా, తెరిచి ఉండాలా అన్నది
- తరుగు శాతం ఏ తూకం మీద లెక్కిస్తారు, మజూరి గ్రాముకా, మొత్తానికా అన్నది
- బంగారం ధర ఆర్డరు రోజుదా, ఇచ్చే రోజుదా అన్నది
- పని మధ్యలో రాయి పగిలితే బాధ్యత ఎవరిదన్నది
- తిరిగి ఇచ్చేటప్పుడు రాళ్లకు విలువ కడతారా, లేదా అన్నది

చివరిదాన్ని చాలామంది అడగరు. నగ మార్చుకునే రోజున బంగారానికే విలువ కట్టి రాళ్లను లెక్కలోకి తీసుకోని దుకాణాలు ఉన్నాయి.

7. పని జరిగే వరుస, మీరు చూడవలసిన ఘట్టాలు

మంటతో పని అంతా పూర్తయిన తర్వాతే రాళ్లు రావాలి, ముత్యాలు అన్నిటికంటే చివర రావాలి. పద్ధతి తెలిసిన ఆచారిగారు ఎవరైనా ఈ క్రమాన్నే పాటిస్తారు.

1. నమూనా. గీసిన బొమ్మనో, మైనపు అచ్చునో, కంప్యూటర్ బొమ్మనో చూసి మార్పులు చెప్పవలసింది ఇప్పుడే.
2. చట్రం తయారీ, అతుకులు. అతుకుకు కాడ్మియం కలిసిన కేడీఎం వాడకూడదు, దాని పొగ పనివారి ఊపిరితిత్తులకు హానికరం.
3. ఆకురాయి పని, మొదటి మెరుగు. ఈ దశలో చట్రాన్ని ఒకసారి వేసుకుని చూడండి. హారం మెడమీద మెలి తిరుగుతుంటే ముక్కలు కలిసే చోట్లను సవరించడానికి ఇదే సమయం.
4. ఖాళీ చట్రం తూకం, రాళ్ల తూకం.
5. పొదగడం.
6. చివరి మెరుగు, ముత్యాలు గుచ్చడం. ముత్యాల మధ్య ముడి వేయించండి. దారం తెగినా ఒక్క ముత్యమే జారుతుంది, పక్క ముత్యాలు రాసుకోకుండా ఉంటాయి.

ఈ వరుస ఎందుకంటే, అతుకు పెట్టాక మసి వదలడానికి ముంచే ఆమ్లం ముత్యాన్నీ పగడాన్నీ తినేస్తుంది. అతుకుకు వాడే వెలిగారం వేడిలో కెంపు, నీలం ఉపరితలాన్ని కూడా గరుకు చేస్తుంది. గట్టి రాయి కదా అని మంటలో ఉంచకూడదు.

8. నగ చేతికి వచ్చిన రోజు

హాల్‌మార్క్‌లో బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, స్వచ్ఛత, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఆ ఒక్క నగకే ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణాలు అమ్మే హాల్‌మార్క్ నగకు ఈ సంఖ్య తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే నగ రకం, స్వచ్ఛత, హాల్‌మార్కింగ్ కేంద్రం వివరాలు వస్తాయి. హారం కొన్నదానికి ఉంగరం అని వస్తే అక్కడే ఆగండి. కుందన్, పోల్కీ (సానపట్టని వజ్రాలు పొదిగినవి), జడావు (రాళ్లను బంగారంలో ఒత్తి పొదిగినవి) నగలకు తప్పనిసరి హాల్‌మార్కింగ్ నుంచి మినహాయింపు ఉంది కనుక, వాటికి స్వచ్ఛతను బిల్లులో స్పష్టంగా రాయించుకోవాలి.

తర్వాత ఈ పరీక్షలు చేయండి.

- చెవి దగ్గర పెట్టి మెల్లగా తట్టండి. గలగల చప్పుడు వస్తే ఏదో రాయి వదులుగా ఉన్నట్టే.
- దూది ముక్కతో నగ మీద తుడవండి. పోగులు చిక్కుకున్న చోట కాలు పైకి లేచి ఉంది.
- భూతద్దంతో ప్రతి రాయి అంచు చూడండి. పెచ్చు లేచి ఉంటే ఒప్పంద కాగితం, ముందు తీసిన ఫొటో చూపించండి.
- కొక్కేన్ని పదిసార్లు తీసి పెట్టి చూడండి. దిద్దుల చీలను కూడా అలాగే చూడండి.
- బిల్లులో నికర తూకం, రాళ్ల విలువ, మజూరి, 3 శాతం జీఎస్‌టీ వేరువేరు వరుసలలో ఉన్నాయేమో చూడండి.

9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

రాయి వదులైంది. వెంటనే వేసుకోవడం మానేయండి. ఇంట్లో జిగురుతో అతికించవద్దు, తర్వాత పొదిగేటప్పుడు ఆ జిగురు అడ్డం వస్తుంది. అంచును మళ్లీ ఒత్తించడం చిన్న పని.

రాయి మసకబారింది. ఓపెన్ సెట్టింగ్ అయితే వెనక పేరుకున్న సబ్బు, నూనె కారణం కావచ్చు. వజ్రం, కెంపు, నీలం వంటి వాటిని గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి మెత్తని బ్రష్‌తో కడగవచ్చు, గాజు నింపిన కెంపు కాదని తెలిసినప్పుడు మాత్రమే. క్లోజ్డ్ సెట్టింగ్‌ను నీళ్లలో ముంచకూడదు, దానికి రేకు మార్చడమే దారి.

పచ్చలో తెల్లని చీలికలు తేలాయి. నూనె పోయి ఉంటుంది. రాయిని విప్పించి రత్నాల నిపుణుల దగ్గర మళ్లీ నూనె పట్టించవచ్చు. వేడి వల్ల కొత్తగా పగిలితే మాత్రం సవరణ లేదు.

ఉంగరం బిగుతైంది. చుట్టూ రాళ్లు ఉన్న ఉంగరాన్ని పెద్దది చేయడం కష్టం. అందుకే ఆర్డరు సమయంలోనే అరచేతి వైపు కొంత భాగం రాళ్లు లేకుండా వదిలించుకోండి.

ముత్యాల కాంతి తగ్గింది. చెమట, అత్తరు ముత్యపు పైపొరను దెబ్బతీస్తాయి, పోయిన పొర తిరిగి రాదు. అలంకరణ అంతా పూర్తయ్యాక ముత్యాలు వేసుకుని, తీసిన వెంటనే మెత్తని గుడ్డతో తుడవాలి. వీటిని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కాక గుడ్డ సంచిలో పెట్టండి.

18 క్యారెట్ల నగ కాళ్లు పెళుసుబారాయి. ఇంట్లో వాడే బ్లీచింగ్ ద్రావణాలలోని క్లోరిన్ మిశ్రమ లోహాల మీద పనిచేస్తుంది. బాత్‌రూమ్ కడిగేటప్పుడు ఉంగరం తీసి పెట్టండి. కాళ్లు పెళుసుబారాక ఒత్తితే విరుగుతాయి కనుక కొత్త కాళ్లు వేయించాలి, అలా వేసే ముందు రాయి తీయమని చెప్పడం మరచిపోవద్దు.

రోజూ వేసుకునే నగను నెల రోజుల తర్వాత ఒకసారి, ఆపైన ఏడాదికి ఒకసారి చేసినవారికే చూపించండి. ఒప్పంద కాగితం, రాళ్ల ధ్రువపత్రాలు, పొదగకముందు తీసిన ఫొటోలు, బిల్లు ఒకే కవరులో పెట్టి, బాగు చేయించడానికి వెళ్లినప్పుడల్లా రాళ్ల వివరం ఉన్న కాగితం నకలును నగతో పాటు ఇవ్వండి.